పద్నాలుగో సెక్షన్‌లో మూడు సంతకాలు

మా అన్నయ్యకి ఏ మాట చెప్పినా ముందు దాన్ని మనకే తిరిగి చెబుతాడు. "స్టేషన్ బయట నలభై రెండో నెంబరు బస్సెక్కు, ఆసుపత్రి ముందు దిగు, ఎడమవైపు నీలం గేటు" అని ఫోన్లో చెప్పాననుకోండి, "నలభై రెండు. ఆసుపత్రి ముందు. ఎడమవైపు నీలం గేటు. విన్నాను" అంటాడు. అప్పుడు నేను "సరే" అనాలి. అనకపోతే ఫోన్ పెట్టడు. ఇరవై ఆరేళ్ళుగా అడవిలో మంటలార్పే పని అతనిది, ఇప్పుడు ఏడుగురి జట్టుకి నాయకుడు. వాళ్ళ వైర్‌లెస్‌లో ఎవరైనా ఒక మాట చెబితే విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి, చెప్పినవాడు సరే అనాలి. అంతవరకూ అది మాట కింద లెక్క కాదు. అయ్యాక మాత్రం ప్రాణం మీదికొచ్చినా ఆ మాట ప్రకారమే నడుస్తారు.

నాలుగేళ్ళుగా నేను అతనికి ఒకే మాట చెబుతున్నాను: ఆ ఉద్యోగం మానేసి వచ్చెయ్ అన్నయ్యా అని. ఆ ఒక్కటీ తిరిగి చెప్పడు. "ఇక్కడ ఎండ మండిపోతోందే" అంటాడు, లేకపోతే మా ఆయన ఎలా ఉన్నాడని అడుగుతాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ విషయం మా ఆఫీసులో గోడల్ని అడిగినా చెబుతాయి. నేను చట్టసభ సచివాలయంలో బిల్లులు రాస్తాను. అంటే, మంత్రులు ఫలానాది కావాలంటారు, దాన్ని సెక్షన్లుగా, ఉపసెక్షన్లుగా కూర్చి, ఎవరూ వంక పెట్టలేని వాక్యాల్లో పెట్టడం నా పని. పంతొమ్మిదేళ్ళలో నా వాక్యంలో తప్పు పట్టినవాడు లేడు. ఎదురు గదిలో కూర్చునే పెద్దాయన ఒక్కడు, కిందటేడు నేను సెలవులో ఉండగా నా వాక్యాన్నొకదాన్ని విరిచి మూడు ముక్కలు చేశాడు. అది తప్పు కాదు, తెగింపు. అప్పట్నుంచి ఎనిమిది నెలలుగా ఆయనతో నాకు మాటల్లేవు. కాగితాలు అటెండరు చేత పంపించుకుంటున్నాం.

సరిగ్గా ఆ సమయంలోనే ఈ బిల్లు వచ్చింది. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి, మూడు వేసవులు అడవులు తగలబడ్డాయి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, అప్పుడు ప్రభుత్వానికి మెలకువ వచ్చి దేశమంతటికీ ఒకే చట్టం కావాలంది. మొదటి భాగం అడవి మంటల్ని ఎదుర్కోవడం, రెండో భాగం కరువుకి తట్టుకోవడం. మొదటి భాగం నాకిచ్చారు, రెండోది ఎదురు గది పెద్దాయనకి. ఇద్దరూ కలిసి ఒకరిది ఒకరు చదువుకోవాలన్నది మా ఆఫీసు పద్ధతి. ఆయన చదవమని పంపాడు, నేను చూశానని సంతకం పెట్టి చదవకుండా తిప్పి పంపాను. నాదీ ఆయన అలాగే పంపాడు. ఇద్దరికీ పౌరుషం ఎక్కువ.

ఇక నేను రాసిన పద్నాలుగో సెక్షన్ సంగతి చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పెద్ద మంట గాలి మీద వస్తున్నప్పుడు, దాని దారిలో ముందుగానే ఒక పట్టీ మేర గడ్డీ పొదలూ వీళ్ళే కాల్చేస్తారు. పెద్ద మంట అక్కడికొచ్చేసరికి కాలడానికేమీ మిగలదు, ఆగిపోతుంది. దాన్ని ఎదురు మంట అంటారు. ముల్లుని ముల్లుతో తీయడమన్నమాట. కానీ గాలి తిరిగిందంటే ఆ ఎదురు మంటే పెట్టినవాళ్ళ మీద పడుతుంది. నాలుగేళ్ళ కిందట మా అన్నయ్య మీద పడింది. ఎడమచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో అతని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అతను నిద్రలో కూడా ఎవరి మాటో తిరిగి చెబుతూ, సరే అనేవాళ్ళు లేక మళ్ళీ మొదటికొచ్చేవాడు. పదోసారికి నేనే "సరే అన్నయ్యా, సరే" అన్నాను. అప్పుడు ఊరుకున్నాడు.

బిల్లు నా చేతికొచ్చినప్పుడు, ఎదురు మంటకి ఒక అధికారి అనుమతి చాలని అటవీ శాఖ వాళ్ళు సూచించారు. దాన్ని నేను మూడు చేశాను. అటవీ అధికారి, అగ్నిమాపక అధికారి, జిల్లా పాలనాధికారి, ముగ్గురూ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేకపోతే రెండేళ్ళ జైలు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఎందుకని నిలదీయలేదు. మూడు సంతకాలు దొరికేలోపు మా అన్నయ్య మంట జోలికి వెళ్ళడు కదా అనుకున్నాను. దేశం కోసం రాయాల్సిన సెక్షన్‌ని ఒక్క మనిషి కోసం రాశాను. కాకిపిల్ల కాకికి ముద్దు, ఆ సెక్షన్ చూసుకుని తెగ మురిసిపోయాను కూడా.

బిల్లు కమిటీ ముందుకెళ్ళింది. కమిటీవాళ్ళు అధికారుల్నే కాక అడవిలో పనిచేసేవాళ్ళని కూడా ఇద్దరు ముగ్గుర్ని పిలవాలన్నారు. పిలిచినవాళ్ళ జాబితా టైపై వచ్చింది. రెండో పేరు మా అన్నయ్యది.

విచారణకి ముందురోజు సాయంత్రం నలభై రెండో నెంబరు బస్సు దిగి, నీలం గేటు తోసుకుని వచ్చాడు. చేతిసంచీలో రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, బిల్లు ప్రతి. ఆ ప్రతి అంచులు నలిగిపోయి ఉన్నాయి. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం.

"బావగారూ, ఇంకొంచెం వడ్డించుకోండి" అన్నాడు మా ఆయన.

"ఇంకొంచెం వడ్డించుకోమన్నారు" అన్నాడు అన్నయ్య, వడ్డించుకున్నాడు.

"మీ చెల్లెలికి కూడా ఈ అలవాటు నేర్పి పంపాల్సింది. నేను పది చెబితే ఒక్కటి కూడా చెవిన పడదు."

"దానికి నేర్పడమా! అది పుట్టడమే మాకు నేర్పడానికి పుట్టింది." అన్నయ్య నవ్వి, సంచీలోంచి బిల్లు తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. "అవునే పెత్తనాలమ్మా, ఈ పద్నాలుగో సెక్షన్ ఎవరు రాశారు?"

చిన్నప్పట్నుంచీ నన్ను అలాగే పిలుస్తాడు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. "కమిటీ ముందున్న బిల్లు గురించి సాక్షులతో మాట్లాడకూడదు. అది రూలు."

"మాట్లాడకూడదు, రూలు. విన్నాను. రాసినవాడెవడో గాని జన్మలో పొగ వాసన చూసుండడు."

మా ఆయన నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆయనకి తెలుసు. టేబుల్ కింద కాలు తొక్కాను. నా వాక్యాన్ని అంత మాటంటే ఇంకెవర్నైనా ఆ పూటకి పస్తు పడుకోబెట్టేదాన్ని. ఇతన్ని ఏమనను? చొక్కా చేతి కింద ఆ మచ్చ కనబడుతూనే ఉంది. "రేపు వాళ్ళ ముందు ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకో" అని మాత్రం అన్నాను. అది తిరిగి చెప్పలేదు.

మర్నాడు పదకొండు గంటలకి కమిటీ గదిలో గుర్రపునాడా ఆకారపు బల్ల చుట్టూ సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. ఆవిడ మాట తక్కువ మనిషి, కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. బిల్లు రాసినవాళ్ళం ఆవిడ వెనక వరసలో కూర్చోవాలి. అడిగితే కాగితం అందించాలి, నోరు విప్పకూడదు. నా పక్క కుర్చీలో ఎదురు గది పెద్దాయన. ఇద్దరం చెరో దిక్కు చూస్తూ కూర్చున్నాం.

మొదట అటవీ శాఖ అధికారి నలభై నిమిషాలు గోడ మీద బొమ్మలు చూపించాడు. తరువాత మా అన్నయ్యకి ఐదు నిమిషాలిచ్చారు. లేచి, మైకు ముందుకొచ్చి, దానికున్న బటన్ చూడగానే వైర్‌లెస్ సెట్టు అనుకున్నట్టున్నాడు. మాట్లాడేటప్పుడు నొక్కుతున్నాడు, వినేటప్పుడు వదిలేస్తున్నాడు.

"బిల్లు చదివారా?" అధ్యక్షురాలు అడిగింది.

"బిల్లు చదివానా అని అడిగారు. చదివానండీ."

రెండు మూడు నవ్వులు వినబడ్డాయి. నాకు చెవులు వేడెక్కాయి. ఒక సభ్యుడు వెనక్కి వాలి అడిగాడు: "ఎదురు మంట ప్రమాదకరమని మీకే తెలుసు కదా. అనుమతి తీసుకోవడానికి మీకున్న అభ్యంతరం ఏంటి?"

"అనుమతికి అభ్యంతరం ఏంటని అడిగారు. అభ్యంతరం లేదండీ. మా పనిలో, చెప్పిన మాట తిరిగి చెప్పి, సరేనా అని అడుగుతాం. మీరు ఈ పుస్తకంలో నాకేం చెప్పారో తిరిగి చెబుతాను. మీరు సరే అంటే రేపట్నుంచి నేనూ నా జట్టూ అలాగే చేస్తాం."

బటన్ వదిలాడు. అధ్యక్షురాలు చెప్పమన్నట్టు తలూపింది.

"మంట కనబడింది. ముందు నీళ్ళతో ఆర్పాలి, అది పదమూడో సెక్షన్. కరువేడు. కరువు ప్రకటించిన చోట చెరువుల్లో నిల్వ నీళ్ళు తాగడానికి తప్ప దేనికీ ముట్టుకోకూడదు, అది ముప్పై ఒకటో సెక్షన్. నీళ్ళు లేవు గనక ఎదురు మంట పెట్టాలి. పెట్టాలంటే మూడు సంతకాలు, పద్నాలుగో సెక్షన్. మొదటి ఆఫీసు అరవై కిలోమీటర్లు. మంట నాలుగు కిలోమీటర్లు, గాలి మా వైపు. నా వెనక ఆరుగురు ఉన్నారు, వాళ్ళ వెనక ఊరుంది. నీళ్ళు ముట్టుకోకుండా, అగ్గిపెట్టె తీయకుండా, మంట వచ్చేదాకా అక్కడే నిలబడాలి. ఇదీ మీరు చెప్పింది. సరేనా?"

బటన్ వదిలేసి నిలబడ్డాడు. వెటకారం లేదు, కోపం లేదు. నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు. వేళాకోళమనుకుని నవ్వబోయినవాళ్ళు కూడా అతని మొహం చూసి ఆగిపోయారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు కదా, ఆ నుయ్యి ఎదురు గది పెద్దాయన రాశాడు, గొయ్యి నేను తవ్వాను. ఆ ముప్పై ఒకటో సెక్షన్ నేను చదివి ఉంటే అక్కడికక్కడే పట్టుకునేదాన్ని. పెద్దాయన వైపు చూశాను. ఎనిమిది నెలల తరువాత మొదటిసారి ఆయన కూడా నా వైపు చూశాడు. మొహం పాలిపోయి ఉంది.

ఈలోపు ఆ వెనక్కి వాలిన సభ్యుడు గడియారం చూసుకుని, "ఆఁ, సరే..." అంటూ ముందుకు జరిగాడు. ఊరికే, ఇక ముగిద్దామన్నట్టు అన్న మాట అది. కానీ మా అన్నయ్య సంగతి నాకు తెలుసు. అతను తిరిగి చెప్పాక అవతలివాళ్ళు సరే అంటే అంతే. నిలబడమంటే నిలబడతాడు. ఆరుగుర్నీ వెనక్కి పంపేసి ఒక్కడే నిలబడతాడు.

"సరే అనకండి!"

ఆ కేక నాదేనని నాక్కూడా వెంటనే తెలియలేదు. లేచి నిలబడి ఉన్నాను. ఒళ్ళోంచి ఫైలు జారి కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. గది మొత్తం నా వైపు తిరిగింది. అధ్యక్షురాలు కుర్చీ తిప్పి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఎవరమ్మా మీరు?"

"ఆ సెక్షన్ రాసింది నేనండీ. అతను మా అన్నయ్య. అతనికి ఏమన్నా అవుతుందని భయపడి మూడు సంతకాలు కావాలని రాశాను. తప్పైపోయింది. దయచేసి సరే అని మాత్రం అనకండి, అతను నిజంగానే అలా చేస్తాడు."

ఉద్యోగం ఊడుతుందో ఉంటుందో అన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. ఇంతలో పక్కనుంచి పెద్దాయన కూడా మెల్లిగా లేచాడు. "ముప్పై ఒకటి నాదండీ. ఒకరిది ఒకరం చదువుకోలేదు" అన్నాడు.

అధ్యక్షురాలు బిల్లు ప్రతిలో ఆ రెండు సెక్షన్లూ తీసి చూసింది. తరువాత మైకు దగ్గరికి వంగి మా అన్నయ్యతో, "సరే అనలేను" అంది.

"సరే అనలేనన్నారు. విన్నానండీ" అని అతను కూర్చున్నాడు.

"మీరిద్దరూ" అంది ఆవిడ మాతో, "సాయంత్రం ఐదింటికి ఈ రెండు సెక్షన్లూ మళ్ళీ రాసి నా బల్ల మీద పెట్టండి. ఒకే గదిలో కూర్చుని రాయండి. ఆయన్ని కూడా కూర్చోబెట్టుకోండి." మా పై అధికారి ఆ తరువాత నన్ను పిలిచి పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. న్యాయమైనవే.

నా గదిలోకి పెద్దాయన తన కుర్చీ తానే మోసుకుని వచ్చాడు. అన్నయ్య కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు వేయగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

"నిన్ను కాపాడదామని రాశాను అన్నయ్యా. కొరివితో తల గోక్కున్నాను."

"తెలుసులే."

"ఎప్పుడు తెలిసింది?"

"చదవగానే తెలిసింది. నేను కాలవలో ఈతకెళ్ళాలంటే అమ్మనీ, నాన్ననీ, అమ్మమ్మనీ ముగ్గురినీ అడిగి రమ్మని గుమ్మంలో అడ్డం పడుకునేదానివి. అప్పుడు నీకు ఆరేళ్ళు. మూడు సంతకాలు అనగానే మా పెత్తనాలమ్మే అనుకున్నా."

"మరి రాత్రి పొగ వాసన చూడనివాడని ఎందుకు తిట్టావు?"

"నువ్వే నోరు విప్పుతావేమోనని చూశా. రూలు మాట్లాడావు." నవ్వుతూ చెయ్యి చాపి నా తల మీద ఒక్క మొట్టికాయ వేశాడు. యాభై దగ్గరపడుతున్న నన్ను, నా సొంత గదిలో, నాతో మాటల్లేని మనిషి ముందు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

తరువాత నాలుగు గంటలు రాశాం. ప్రాణాలకి ముప్పు ఉన్నప్పుడు ఎదురు మంట పెట్టాలో వద్దో జట్టు నాయకుడే నిర్ణయించాలి. ప్రతి చెరువులో ఇంత భాగమని మంటల కోసం అట్టేపెట్టాలి, కరువేడైనా సరే. అక్కడిదాకా తేలిగ్గానే వచ్చింది.

"ఇంకోటి రాయండి" అన్నాడు అన్నయ్య. "పెట్టే ముందు, ఎక్కడ పెడుతున్నాడో, వెనక్కి దారి ఎటుందో గట్టిగా చెప్పాలి. ఇంకొకడు దాన్ని తిరిగి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట నేను హడావిడిలో చెప్పి, తిరిగి చెప్పేదాకా ఆగలేదు. గాలి తిరిగిందని వెనకవాడు అప్పుడే చెప్పబోయాడట."

ఈ సంగతి అతను నాకు ఎప్పుడూ చెప్పలేదు. కాగితం పెద్దాయన వైపు జరిపాను. ఆయనే ఆ వాక్యం రాశాడు, చిన్న చిన్న ముక్కలుగా. "చెప్పవలెను. మరొకరు తిరిగి చెప్పవలెను. ఆ పిదపనే వెలిగించవలెను." నేనైతే ఒకే వాక్యంగా రాసేదాన్ని. ఆ మూడు ముక్కల్లో ఒక్కటి కూడా కదపలేదు. ఐదింటికి పది నిమిషాల ముందు అధ్యక్షురాలి బల్ల మీద పెట్టాం.

మర్నాడు పొద్దున్న అన్నయ్యని బస్సెక్కించడానికి వెళ్ళాను. మామూలుగా అయితే బస్సు కదిలేదాకా మానేసి రమ్మని నస పెడతాను. ఆ రోజు ఊరుకున్నాను. అతనే అడిగాడు.

"ఈసారి మానేసి రమ్మనలేదేం?"

"తిరిగి చెప్పని మాట ఎన్నిసార్లు చెప్పను?"

"అయితే తిరిగి చెప్పే మాట ఏదన్నా చెప్పు."

కిటికీ ఊచ పట్టుకున్నాను. "వెనక్కి దారి చూసుకోకుండా మంట పెట్టకు. కొండ దిగగానే, చేతులు కడుక్కోకముందే నాకు ఫోన్ చెయ్యి."

"దారి చూసుకోకుండా పెట్టను. దిగగానే, చేతులు కడుక్కోకముందే నీకు ఫోన్. విన్నాను."

"సరే" అన్నాను. బస్సు కదిలింది.

బిల్లు చట్టమైంది. ఆ ఏడు కూడా వానలు పడలేదు. పై వేసవిలో ఒకరోజు పొద్దున్న వార్తల్లో, మంటలు అంటుకున్న చోట్లలో వాళ్ళ అడవి పేరు విన్నాను. ఆఫీసుకెళ్ళి ఒక్క అక్షరం రాయలేదు. పెద్దాయన రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి, ఏమీ అడగకుండా టీ పెట్టి వెళ్ళాడు. మూడింటికి ఫోన్ మోగింది. అవతల గాలి చప్పుడు, ఎవరో దగ్గుతున్నారు.

"చెరువు నీళ్ళు చాల్లేదు. ఎదురు మంట పెట్టాం. ఆరింది. ఏడుగురం ఎక్కాం, ఏడుగురం దిగాం."

ఏడుస్తున్నానని అతనికి వినబడకూడదని ఫోన్ దూరంగా పట్టుకున్నాను. అతను పెట్టేయలేదు. ఎదురు చూస్తున్నాడు.

"తిరిగి చెప్పవే పెత్తనాలమ్మా" అన్నాడు మెత్తగా.

"ఎదురు మంట పెట్టారు. ఆరింది" అన్నాను. "ఏడుగురు ఎక్కారు. ఏడుగురు దిగారు. విన్నాను అన్నయ్యా."

"సరే" అన్నాడు. "ఇంక చేతులు కడుక్కుంటా."